మార్మన్ బహుభార్యాత్వం నుంచి బయటపడ్డ స్త్రీ ఆ తర్వాత ఏమైందో వెతకడం ఎలా

బహుభార్యాత్వాన్ని పాటించిన మార్మన్ క్రైస్తవ శాఖ స్థిరపడ్డ అమెరికా ప్రాంతం యూటా. 19వ శతాబ్దంలో అక్కడ భర్తనూ సవతులనూ వదిలి బయటికొచ్చిన స్త్రీల కథ చాలాసార్లు ఆమె గడప దాటిన రోజుతోనే ఆగిపోతుంది. ఆ రోజు వరకూ పత్రికలు రాశాయి, చర్చి రాసుకుంది, ఒక్కోసారి కోర్టూ రాసింది. ఆ తర్వాత ముప్పై నలభై ఏళ్ళు ఆమె ఎక్కడ బతికిందో, ఎవరి ఇంట్లో కన్నుమూసిందో అడిగితే వంశవృక్షంలో ఖాళీ గడి కనిపిస్తుంది. కాగితాలు లేక కాదు, అవి వేరే ఇంటిపేరు మీద, వేరే రాష్ట్రంలో ఉన్నాయి. అందుకే ఈ వెతుకులాటలో ఆమె పేరు కన్నా ఆమె చుట్టూ ఉన్న మనుషులే ఎక్కువ దారి చూపిస్తారు.

చెప్పేది తేలిగ్గా అర్థం కావడానికి యాన్ ఎలైజా వెబ్ జీవితాన్ని ఉదాహరణగా తీసుకుందాం. మార్మన్ చర్చి అధ్యక్షుడు బ్రిగమ్ యంగ్ భార్యల్లో ఒకరు. 1873 జులైలో ఇల్లు వదిలి సాల్ట్ లేక్ సిటీలోని వాకర్ హౌస్ హోటల్‌కి చేరి, ఆయన మీదే విడాకుల దావా వేసింది. ఆ తర్వాత పదేళ్ళ పాటు దేశమంతా తిరిగి బహుభార్యాత్వానికి వ్యతిరేకంగా ఉపన్యాసాలిచ్చింది. అంత పేరున్న మనిషి కబురు కూడా 1908 తర్వాత తెలియదని చాలాకాలం రాస్తూ వచ్చారు. నిజానికి ఆమె 1917 డిసెంబర్ 7న నెవాడాలోని స్పార్క్స్‌లో చనిపోయింది.

ముందు ఇంటిపేర్ల పట్టీ

ఒక కాగితం మీద ఆమెకు ఎప్పుడెప్పుడు ఏ ఇంటిపేరు ఉందో ఏళ్ళతో సహా రాసుకోండి. యాన్ ఎలైజాకైతే ఇలా వస్తుంది: 1844లో ఇలినాయ్‌లోని నావూలో పుట్టినప్పుడు వెబ్, 1863 నుంచి డీ, 1868 నుంచి యంగ్, 1883లో మిషిగన్ రాష్ట్రం మానిస్టీకి చెందిన మోజెస్ డెన్నింగ్‌ని మారుమనువు చేసుకున్నాక డెన్నింగ్. ఆ పెళ్ళి కూడా 1890ల మొదట్లో విడాకులతో ముగిసింది. అంటే యంగ్ అన్న పేరుతో ఆమె పుట్టినప్పటి నుంచి పోయేదాకా వెతికినవాళ్ళకి దొరికేది పదిహేనేళ్ళే.

ప్రతి ఇంటిపేరు పక్కనా అది ఎన్ని రకాలుగా తప్పు పడుతుందో కూడా రాయండి. చేతిరాతలో డీ అన్నది డో గానో డెక్ గానో చదువుతారు, డెన్నింగ్ అన్నది డెమింగ్, డన్నింగ్ అవుతుంది. ఆ రోజుల్లో పెళ్ళయిన ఆడవాళ్ళకి పత్రికల్లో సొంత పేరే ఉండేది కాదు. అందుకే భర్త పొడి అక్షరాలతో, మిసెస్ ఎం. ఆర్. డెన్నింగ్ అన్నట్టు కూడా వెతకాలి. విడాకుల తర్వాత కొందరు పుట్టింటి పేరుకి వెళ్ళారు, కొందరు పిల్లలకున్న పేరే తామూ పెట్టుకున్నారు. రెండూ పట్టీలో ఉండాలి. వెతుకులాట పెట్టెలో ఇవన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలని వేరే చెప్పనక్కర్లేదు.

"ఎన్నో భార్య" అన్న అంకెను మాత్రం ఆధారంగా పెట్టుకోకండి. యాన్ ఎలైజా తన ఆత్మకథలో 19 అని చెప్పుకుంది, 27 అని లెక్క కట్టినవాళ్ళూ ఉన్నారు. ఎవరిని భార్యగా లెక్కించారన్న దాన్ని బట్టి ఆ అంకె మారిపోతుంది.

ఏ విడాకులు, ఏ కోర్టు

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. చర్చి ఇచ్చే విడాకులు వేరు, కోర్టు ఇచ్చేవి వేరు. బ్రిగమ్ యంగ్ తన హయాంలో 1,600కు పైగా చర్చి విడాకులు మంజూరు చేశాడు, అందుకు 10 డాలర్లు రుసుం ఉండేది. ఇవి కోర్టు రికార్డుల్లో ఉండవు, సాల్ట్ లేక్ సిటీలోని చర్చి చరిత్ర గ్రంథాలయానికి రాసి అడగాలి. రెండో భార్యకో ఐదో భార్యకో జరిగిన పెళ్ళి చట్టం దృష్టిలో పెళ్ళే కాదు గనక, కోర్టు విడాకుల కాగితం అసలు పుట్టకపోవచ్చు. అది దొరకలేదని ఆమె విడిపోలేదనుకోవడం తప్పు.

కోర్టుకి వెళ్ళినవాళ్ళ విషయంలో కౌంటీ (మన జిల్లా లాంటిది) స్థాయిలో వారసత్వ వ్యవహారాలు చూసే ప్రొబేట్ కోర్టునూ, డిస్ట్రిక్ట్ కోర్టునూ రెండింటినీ చూడాలి. యూటా కోర్టుల మీద అమెరికా కాంగ్రెస్ చేసిన 1874 నాటి పోలండ్ చట్టం ప్రొబేట్ కోర్టుల అధికారాలు చాలావరకు కత్తిరించినా, విడాకుల కేసులు రెండు చోట్లా వినే వీలు ఉంచింది. 1896లో యూటా రాష్ట్రమయ్యాక ప్రొబేట్ కోర్టులు పోయాయి. పాత ఫైళ్ళ కోసం యూటా స్టేట్ ఆర్కైవ్స్‌ని అడగండి.

అడిగేటప్పుడు తీర్పు నకలుతో సరిపెట్టుకోకుండా మొత్తం కేసు ఫైలు కావాలని రాయండి. తీర్పు ఒక పేజీ ఉంటుంది. అసలు సరుకంతా దావా పత్రంలోనూ ప్రమాణ పత్రాల్లోనూ ఉంటుంది: ఆమె అప్పటికి ఎక్కడుంటోంది, పిల్లల పేర్లేమిటి, ఎవరు సాక్ష్యం చెప్పారు, లాయరు ఎవరు. యాన్ ఎలైజా కేసులో 1875 ఫిబ్రవరిలో కోర్టు నెలకు 500 డాలర్ల భరణం, లాయరు ఖర్చులకు 3,000 డాలర్లు ఇమ్మంది. కట్టనందుకు బ్రిగమ్ యంగ్ మార్చిలో ఒక రాత్రి జైల్లో గడిపాడు. చివరికి 1877 ఏప్రిల్‌లో ఆ పెళ్ళే చెల్లదని తేల్చారు. తీర్పు ఒక్కటే చదివితే ఈ నాలుగేళ్ళ పోరాటం, ఆ స్త్రీ పడిన కష్టం మన కంటికి కనబడనే కనబడవు.

భర్త ఆచూకీ తెలియనప్పుడు సమన్లు వారాల తరబడి పత్రికలో అచ్చు వేయించేవారు. చట్టపరమైన ప్రకటనల శీర్షికలో ఇలాంటివి దొరుకుతాయి.

ఇరవై ఏళ్ళ గొయ్యి

1880 జనాభా లెక్క తర్వాత మనకు మళ్ళీ అక్కరకొచ్చేది 1900ది. 1890 లెక్కల కాగితాలు 1921 జనవరిలో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదం వల్ల దాదాపు అన్నీ పోయాయి. సరిగ్గా ఆ ఇరవై ఏళ్ళలోనే ఈ స్త్రీల బతుకులు ఎక్కువగా మలుపు తిరిగాయి: బహుభార్యాత్వాన్ని అణచడానికి 1882లో వచ్చిన ఎడ్మండ్స్ చట్టం, 1887లో ఎడ్మండ్స్-టక్కర్ చట్టం, 1890లో కొత్త బహుభార్యా వివాహాలు మానుకుంటామన్న చర్చి ప్రకటన. మధ్యలో ఫెడరల్ మార్షల్స్ (కేంద్ర ప్రభుత్వ పోలీసులు) వేట సాగినన్నాళ్ళూ చాలామంది భార్యలు భర్తలు జైలు పాలవకుండా పుట్టింటి పేరుతోనో మారుపేరుతోనో తిరిగారు. ఆ ఏళ్ళ కాగితాల్లో కనబడే పేరుని అనుమానంతోనే చూడాలి.

ఈ గొయ్యి పూడ్చడానికి రాష్ట్రాల సొంత లెక్కలు పనికొస్తాయి. కొలరాడో, నెబ్రాస్కాలకు 1885వి ఉన్నాయి. కాన్సస్, అయోవా, మిన్నెసోటాలకు 1885, 1895వి. మిషిగన్‌కి 1884, 1894వి, అయితే అన్ని కౌంటీలవీ మిగల్లేదు. యూటాలో 1887 నుంచి పెళ్ళిళ్ళకి లైసెన్సు తప్పనిసరి అయింది గనక మారుమనువు అక్కడే జరిగుంటే కౌంటీ పుస్తకాల్లో ఉంటుంది. ఊళ్ళో ఎవరెక్కడుంటారో చెప్పే నగరాల డైరెక్టరీలు ఏటేటా వచ్చేవి, వాటిని వరసగా తిప్పండి. ఒక ఏడు కనబడి మరుసటి ఏడు మాయమైతే ఆ మధ్యలోనే పెళ్ళో చావో వలసో జరిగి ఉండొచ్చు.

సాల్ట్ లేక్ సిటీలో బహుభార్యాత్వం వదిలినవాళ్ళ కోసం 1886లో ప్రభుత్వ సొమ్ముతో ఇండస్ట్రియల్ క్రిస్టియన్ హోమ్ తెరిచారు, 1893లో మూసేశారు. అక్కడ చేరినవాళ్ళు చాలా తక్కువ. చూసి వదిలేయండి, దాని మీద వారాలు పెట్టకండి.

1900 లెక్కల పేజీని దగ్గరగా చదవడం

పేజీ ఫొటో తెరవండి, సూచీలో టైపు చేసిన అక్షరాలని నమ్మకండి. 7వ గడిలో పుట్టిన నెల, సంవత్సరం ఉంటాయి. ఆ వివరం అడిగిన లెక్క ఇదే కాబట్టి దీనికింత విలువ. 9వ గడిలో పెళ్ళి సంగతి, 10లో పెళ్ళయి ఎన్నేళ్ళు, 11లో ఎంతమంది పిల్లల్ని కన్నది, 12లో ఎంతమంది బతికున్నారు. 13 నుంచి 15 వరకు ఆమె, తండ్రి, తల్లి పుట్టిన చోట్లు.

9లో విధవ అని రాసుంటే ఆగి ఆలోచించండి. విడాకులు తీసుకున్న స్త్రీ, అందులోనూ బహుభార్యా కుటుంబం నుంచి వచ్చిన స్త్రీ, ఇంటి గుమ్మంలో నిలబడ్డ ప్రభుత్వ మనిషికి తన గతమంతా చెప్పుకోదు. "మా ఆయన పోయాడు" అంటే ఒక్క మాటతో అయిపోతుంది. అది అబద్ధమని తప్పు పట్టాల్సిన పని లేదు, ఆ మాట వెనక ఉన్న భయం మనకు అర్థమైతే చాలు. కానీ 11, 12 గడుల్లో అంకెలు సాధారణంగా నిజం చెబుతాయి. యూటాలో ఐదుగురిని కన్న తల్లి, కొత్త ఊళ్ళో పిల్లలెవరూ ఇంట్లో లేకపోయినా, ఐదు అనే చెప్పి ఉంటుంది.

1910 లెక్కలో పెళ్ళి గడిలో ఎం1, ఎం2 అన్న గుర్తులుంటాయి. ఎం2 అంటే ఇది రెండోదో ఆపైదో. ఆ పక్కన ఉన్న ఏళ్ళని 1910లోంచి తీసేస్తే మారుమనువు సంవత్సరం వస్తుంది, ఆ కౌంటీలో ఆ ఏటి పెళ్ళి పుస్తకం చూడొచ్చు.

పిల్లల వెంట వెళ్ళండి

ఆమె కనబడనప్పుడు పిల్లలు కనబడతారు. మగపిల్లల ఇంటిపేరు సాధారణంగా మారదు. యాన్ ఎలైజాకి మొదటి పెళ్ళిలో పుట్టిన ఇద్దరు కొడుకులూ డీ ఇంటిపేరు వాళ్ళే. ప్రతి కొడుకునీ కూతుర్నీ 1900, 1910, 1920 లెక్కల్లో పట్టుకుని, అదే ఇంట్లో "తల్లి", "అత్త" అని రాసిన ముసలామె ఉందేమో చూడండి. లేకపోతే ఆ పేజీకి ముందు వెనక రెండేసి పేజీలు చదవండి. ఒంటరిగా ఉండే తల్లి తరచూ బిడ్డ ఇంటికి నాలుగడుగుల దూరంలోనే అద్దెకుంటుంది.

అలాగే తోబుట్టువులు. కాలిఫోర్నియాకో నెవాడాకో వెళ్ళినవాళ్ళు తరచూ ఒంటరిగా వెళ్ళలేదు. అక్కడ ముందే చర్చి వదిలిన అన్నో, పినతల్లో ఉండేవారు. 1869లో కాలిఫోర్నియా దాకా రైలు మార్గం పూర్తయ్యాక ఆ దారంతా ఊళ్ళు లేచాయి, స్పార్క్స్ అయితే 1904లో రైల్వే వర్క్‌షాపులతో పుట్టిన ఊరు. కాబట్టి 1900 లెక్కల్లో ఆ పేరుతో వెతికితే ఏమీ రాదు.

కొందరు మిస్సోరీ, అయోవా వైపు వెళ్ళి, బహుభార్యాత్వాన్ని మొదటి నుంచీ కాదన్న మరో మార్మన్ శాఖ, రీఆర్గనైజ్డ్ చర్చిలో చేరారు. ఆ చర్చి సభ్యుల పుస్తకాల్లో పుట్టిన తేదీ, చోటు ఉంటాయి, కనక అవి వదలొద్దు.

పత్రికలు

పాత పత్రికల వెబ్‌సైట్లు యూటా డిజిటల్ న్యూస్‌పేపర్స్, క్రానిక్లింగ్ అమెరికా రెండూ ఉచితం, హైదరాబాద్‌లో కూర్చుని కూడా చూడొచ్చు. సాల్ట్ లేక్ ట్రిబ్యూన్ ఆ రోజుల్లో చర్చికి బద్ధ విరోధి, డెసరెట్ న్యూస్ చర్చిదే. ఒకే స్త్రీని ఒకటి వీరనారి అంటే ఇంకొకటి గుణం లేనిదంటుంది. రెండింటిలో విశేషణాలు వదిలేసి తేదీ, ఊరు, హోటల్ పేరు మాత్రం ఎత్తి రాసుకోండి.

పెద్ద వార్తల కన్నా చిన్న జాబితాలే ఎక్కువ ఉపయోగపడతాయి. పోస్టాఫీసులో ఎవరూ తీసుకోని ఉత్తరాల జాబితా పత్రికల్లో పడేది, ఆడవాళ్ళ పేర్లు తరచూ విడిగా వేసేవారు. ఆమె పేరు అక్కడ ఉందంటే ఆమె ఆ ఊళ్ళో ఉందనో, ఉందని ఎవరో అనుకున్నారనో అర్థం.

మరణ ధ్రువపత్రం, తప్పుడు జాడలు

రాష్ట్రం మొత్తానికి మరణాల నమోదు ఎప్పుడు మొదలైందో ముందు తెలుసుకోండి: మిషిగన్‌లో 1867, యూటాలో 1905, ఒహాయోలో 1908 చివర, నెవాడాలో 1911. అంతకు ముందువైతే కౌంటీని అడగాలి. ధ్రువపత్రంలో మొదట చూడాల్సింది సమాచారం ఇచ్చినవారి పేరు. కూతురైతే అమ్మమ్మ ఇంటిపేరు సరిగ్గా చెబుతుంది. అద్దె ఇంటి యజమానురాలైతే తల్లిదండ్రుల గడుల్లో "తెలియదు" అని ఉంటుంది.

ఇద్దరు ఒకే మనిషని ఒప్పుకోవడానికి కనీసం మూడు వివరాలు విడివిడి కాగితాల్లో కలవాలి: పుట్టిన నెల, సంవత్సరం, తల్లిదండ్రుల పేర్లు లేదా పుట్టిన చోట్లు, ఒక బిడ్డ పేరు. పేరూ వయసూ మాత్రమే కలిస్తే చాలదు.

వంశవృక్షాల వెబ్‌సైట్ ఫ్యామిలీసెర్చ్ ఉచితమే, కొన్ని పేజీల ఫొటోలు మాత్రం వాళ్ళ కేంద్రాల్లోనే తెరుచుకుంటాయి. దాన్ని నడిపేది మార్మన్ చర్చే, అక్కడొక చిక్కుంది. చనిపోయినవాళ్ళ తరఫున బంధువులు బాప్తిస్మం, భర్తతో శాశ్వత వివాహం వంటి కర్మలు చేయిస్తారు. 1917లో పోయిన స్త్రీకి 1930లో బాప్తిస్మమైనట్టు కనబడితే ఆమె చర్చికి తిరిగి వచ్చిందని కాదు. వదిలేసి వచ్చిన భర్త పక్కనే ఆమె పేరు మళ్ళీ చేరి ఉండటం కూడా ఇందువల్లే. ఆమె బతికుండగా తీసుకున్న నిర్ణయాన్ని ఆ గీతలు చెరిపేయకుండా, మీ నోట్సులో కర్మ తేదీలని వేరే రంగుతో రాయండి.

ఈ పద్ధతులన్నీ గతించినవాళ్ళ కోసమే. ఈ కాలంలో బహుభార్యాత్వ వర్గాల నుంచి పారిపోయి వచ్చిన స్త్రీలు కొందరు కావాలనే పేరు మార్చుకుని బతుకుతున్నారు. వాళ్ళ చిరునామా వెతకడం వాళ్ళ ప్రాణాల మీదికి తేవచ్చు. అమెరికా జనాభా లెక్కలను 72 ఏళ్ళ దాకా బయటపెట్టకపోవడానికి కారణం కూడా బతికున్నవాళ్ళ గోప్యతే.

చివరగా శ్మశానం. రాయి లేకపోయినా శ్మశానం ఆఫీసులో సాధారణంగా ఖననాల పుస్తకం ఉంటుంది. అందులో ఆమె పేరున్న వరసతో పాటు ఆ స్థలం కొన్నవారి పేరూ, పక్క స్థలాల్లో ఎవరున్నారో కూడా నకలు అడగండి. స్థలం కొన్న పేరు మీ పట్టీలో లేనిదైతే అదే కొత్త ఇంటిపేరుగా పట్టీలో చేర్చి, 1900 లెక్కల నుంచి మళ్ళీ మొదలుపెట్టండి.