కారు సంరక్షణ స్వయంబోధిని – 6వ పాఠం: అద్దం మీద నీళ్లు చిమ్మే జెట్లు

వైపర్ బ్లేళ్ల రబ్బరు ఎప్పుడు మార్చాలో, కొత్త బ్లేడును ఎలా తగిలించాలో గత పాఠంలో నేర్చుకున్నాం. ఈ పాఠం దానికి రెండో సగం వంటిది. బ్లేడు ఎంత కొత్తదైనా దాని ముందు నీళ్లు పడకపోతే అది అద్దాన్ని శుభ్రం చేయదు. అద్దం మీది దుమ్మును అటూ ఇటూ రుద్ది సన్నని గీతలు పెడుతుంది.

కొంతకాలం క్రితం నేను బెంగళూరు నుంచి చిత్తూరుకు తెల్లవారుజామున బయలుదేరాను. కోలారు దాటి ముళబాగిలు సమీపిస్తున్నప్పుడు ఎదురుగా సూర్యోదయం అవుతోంది. రాత్రి కురిసిన జల్లు వల్ల రోడ్డంతా తడిగా ఉంది. ముందు వెళ్తున్న లారీ చక్రాల నుంచి లేచిన బురదనీరు నా అద్దం మీద పడింది. అలవాటుగా వైపర్ లీవరును లాగాను. మోటారు శబ్దం వినిపించింది గానీ నీళ్లు రాలేదు. వైపర్లు మాత్రం కదిలి, ఆ బురదను అద్దం నిండా పల్చగా పూశాయి. దాని మీద ఎండ పడేసరికి నాకు తెల్లటి తెర తప్ప మరేదీ కనిపించలేదు. వేగం తగ్గించి, ఎడమ పక్క కిటికీ లోంచి రోడ్డు అంచు చూసుకుంటూ బండిని పక్కకు ఆపేదాకా గడిచిన ఆ కొద్ది క్షణాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. వాషర్ జెట్లను చిన్న విషయంగా ఎవరూ చూడకూడదని నేను గట్టిగా చెప్పడానికి కారణం అదే.

ముందుగా నీళ్లు నడిచే దారి తెలుసుకుందాం. బానెట్ తెరిస్తే, అద్దం మీద నీళ్లు చిమ్ముతున్న బొమ్మ ఉన్న ఒక మూత కనిపిస్తుంది. అది వాషర్ ట్యాంకు మూత. ఇంజన్ కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) ట్యాంకు కూడా కొన్ని కార్లలో అలాగే ప్లాస్టిక్‌తోనే ఉంటుంది కాబట్టి, బొమ్మ చూడకుండా ఏ మూతనూ తీయకండి. వేడి ఇంజన్ మీద కూలెంట్ మూత తీస్తే ఒళ్లు కాలుతుంది. వాషర్ ట్యాంకు అడుగున ఒక చిన్న 12 వోల్టుల మోటారు పంపు రబ్బరు గ్రోమెట్‌లో (నీళ్లు కారకుండా రంధ్రం చుట్టూ పెట్టే రబ్బరు రింగు) బిగించి ఉంటుంది, దాని నోటి దగ్గర సన్నని జల్లెడ ఉంటుంది. అక్కడి నుంచి రబ్బరు పైపు బయలుదేరి, బానెట్ కింది మెత్తటి పొర వెనక నడిచి, టీ ఆకారపు జాయింటు దగ్గర రెండుగా చీలి జెట్లకు చేరుతుంది. దారిలో చాలా కార్లకు ఒక చెక్ వాల్వు ఉంటుంది. నీళ్లు వెనక్కి జారిపోకుండా ఆపడం దాని పని. దాని మీద బాణం గుర్తు ఉంటుంది. తీసి మళ్లీ పెట్టేటప్పుడు బాణం జెట్ల వైపు ఉండాలి, తిరగేసి పెడితే చుక్క కూడా రాదు.

జెట్లలో రెండు రకాలున్నాయని గుర్తుంచుకోండి, ఎందుకంటే శుభ్రం చేసే పద్ధతి దాని మీదే ఆధారపడి ఉంటుంది. మొదటి రకంలో చిన్న గుండు ఉండి, దానికి ఒకటో రెండో రంధ్రాలుంటాయి. నీళ్లు సన్నని ధారగా వస్తాయి. రెండో రకంలో రంధ్రం సన్నని చీలికలా ఉండి, నీళ్లు విసనకర్రలా విచ్చుకుని తుంపరగా పడతాయి. ఈ రెండో రకం లోపల నీటిని ఊగించే సూక్ష్మమైన మలుపులు ఉంటాయి కాబట్టి దానిలో సూది ఎప్పుడూ పెట్టకూడదు. ఒక్క గీత పడినా తుంపర చెదిరిపోతుంది.

ఇక లోపం ఎక్కడుందో కనిపెట్టే పని. దీనికి ఇంట్లో ఇంకొకరి సాయం అడగండి. ఇంజన్ ఆపి, తాళం చెవిని ఆన్ స్థానంలో ఉంచి, వారిని లోపల కూర్చుని లీవరు లాగమనండి. మీరు బానెట్ పక్కన నిలబడి వినండి. వైపర్లు కూడా కదులుతాయి కాబట్టి చేతులు దూరంగా ఉంచండి. ట్యాంకులో నీళ్లు ఉన్నాయని ముందే చూసుకోవాలి, ఒక్కోసారి ఐదు సెకన్లకు మించి లాగవద్దని కూడా చెప్పండి. ఆ పంపును చల్లబరిచేది దానిలో పారే నీరే. ఎండిన ట్యాంకు మీద నడిపితే అది పాడవుతుంది.

శబ్దమే లేకపోతే ఫ్యూజు చూడాలి. ఫ్యూజు పెట్టె మూత లోపలి వైపున ఏది దేనిదో గుర్తులుంటాయి. కాలిపోయిన ఫ్యూజు స్థానంలో అంతే ఆంపియర్లది పెట్టాలి, పెద్దది ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు. ఫ్యూజు బాగున్నా శబ్దం లేకపోతే మోటారో, దాని వైరో, లీవరు స్విచ్చో చెడి ఉండవచ్చు. అది మెకానిక్ చూడవలసిన పని.

శబ్దం వస్తోందా? అయితే ఒక స్టీలు గ్లాసు తెచ్చుకోండి. నీళ్లు రాని జెట్టు అడుగు నుంచి పైపును మెల్లగా లాగి, దాని చివరను గ్లాసులో పెట్టి, లీవరు లాగమనండి. గ్లాసులోకి ధార బలంగా పడితే పంపు, పైపు బాగున్నాయి, తప్పు జెట్టుదే. బలహీనంగా పడితే అడ్డంకి కింద ఉంది: జల్లెడ మూసుకుపోయి ఉండవచ్చు, పైపు ఎక్కడైనా మడత పడి ఉండవచ్చు, బానెట్ కీలు దగ్గర చిట్లి ఉండవచ్చు. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్లలో నిలిపే కార్లకు ఎలుకలు పైపు కొరకడం కూడా మామూలే. కారు కింద తడి మరక ఎక్కడ పడిందో చూస్తే చిట్లిన చోటు దొరుకుతుంది. నా అనుభవంలో ఈ గ్లాసు పరీక్షకు సాటి వచ్చేది లేదు. ఇది చేయకుండా సూది పట్టుకునేవారు చాలా సమయం వృథా చేసుకుంటారు.

తప్పు జెట్టుదే అని తేలాక, ముందు పైనుంచి శుభ్రం చేయండి. పాలిష్ చేయించిన కార్లలో మైనం రంధ్రంలో గడ్డకట్టి ఉంటుంది. గోరువెచ్చని నీళ్లు, పాత టూత్‌బ్రష్ దానికి సరిపోతాయి. గుండు రకం జెట్టయితే సన్నని కుట్టుసూది మొనను రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే లోపలికి పోనిచ్చి, తిప్పకుండా, బలవంతం చేయకుండా బయటికి తీయండి. ఆ రంధ్రం వ్యాసం సుమారు ఒక మిల్లీమీటరు, కొన్నింటిలో అంతకన్నా తక్కువ. దాన్ని పెద్దది చేస్తే ధార బలం పోతుంది.

అలా కూడా తెరుచుకోకపోతే జెట్టును ఊడదీయాలి. చాలా కార్లలో అది బానెట్ అడుగున రెండు ప్లాస్టిక్ రెక్కలతో పట్టుకుని ఉంటుంది, వాటిని లోపలికి నొక్కుతూ పైకి తోస్తే వస్తుంది. ఇంజన్ వేడికి ఏళ్ల తరబడి ఎండిన ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది కాబట్టి, కారు కాసేపు నడిపి బానెట్ గోరువెచ్చగా ఉన్నప్పుడు ఈ పని చేయడం మంచిది. తీసిన జెట్టును, తెల్ల వినెగర్ సగం, ఆర్‌ఓ నీరు సగం కలిపిన గ్లాసులో వేసి అరగంట ఉంచండి. వినెగర్ లేకపోతే ఒక గ్లాసు వేడినీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు కలిపినా చాలు. వేసిన కొద్దిసేపటికే గమనించండి: రంధ్రం అంచు నుంచి ఆవగింజ కన్నా చిన్న బుడగలు ఒకదాని వెనక ఒకటి లేస్తుంటే, లోపల ఉన్నది సున్నం. బుడగలు రాకపోతే అది మైనమో, పాచిజిగురో అయి ఉంటుంది. దానికి వినెగర్ పనిచేయదు, వేడి సబ్బునీళ్లలో నానబెట్టి బాగా కడగాలి.

తరువాత మందుల షాపులో దొరికే 10 మిల్లీలీటర్ల సిరంజిని సూది లేకుండా తీసుకుని, నీళ్లు చిమ్మే రంధ్రం వైపు నుంచి పైపు తగిలించే వైపుకు నీటిని నెట్టండి. దిశ ముఖ్యం. చెత్త ఏ వైపు నుంచి వచ్చి ఇరుక్కుందో ఆ వైపుకే బయటికి పోవాలి. మామూలు దిశలో నెడితే అది ఇంకా బిగుసుకుంటుంది. జెట్టును కారు మీదే ఉంచి పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి కొట్టించవద్దు. ఆ ఒత్తిడికి చెత్త పైపులోకి పోతుంది, జాయింట్లు ఊడతాయి. వినెగర్ కారు రంగు మీద పడితే వెంటనే నీళ్లతో తుడవండి.

జెట్టు తిరిగి బిగించాక గురి చూసుకోవాలి. గుండు రకంలో సూది మొనతో గుండును కదిపి, కారు ఆగి ఉన్నప్పుడు ధార వైపర్ తుడిచే ప్రదేశంలో మధ్యకన్నా కాస్త పైన పడేలా సర్దండి. హైవే మీద వేగానికి ఎదురుగాలి ధారను కిందికి నొక్కుతుంది. అప్పుడది సరిగ్గా మధ్యలో పడుతుంది.

ఇంతటితో నీళ్లు వస్తాయి. కానీ ఇక్కడ ఆపేస్తే కొన్ని వారాల్లో మళ్లీ ఇదే పని చేయవలసి వస్తుంది. ఈ పాఠంలో నేను అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పదలచిన మాట ఏమిటంటే, జెట్టు దగ్గర కనిపించే అడ్డంకి చాలాసార్లు ట్యాంకు మూత దగ్గర మొదలవుతుంది. చిత్తూరు ప్రయాణం తరువాత నేను పంపు తీయించి చూసినప్పుడు, జల్లెడ మీద ఒక పక్క గరుకైన తెల్లటి పొర, ఇంకో పక్క గంజి మీది మీగడలా జారిపోయే జిగురు ఉన్నాయి. మా అపార్ట్‌మెంట్‌లో కార్లు తుడిచే అతన్ని అడిగాను. మదనపల్లె వైపు మనిషి, పనిలో శ్రద్ధ ఉన్నవాడు. “అన్నా, మూత తీసి చూస్తే నీళ్లు తగ్గినాయి. బకెట్లో మిగిలినవి పోస్తా ఉంటిని” అన్నాడు. అతను మంచి ఉద్దేశంతోనే చేశాడు. ఆ బకెట్లో ఉన్నది షాంపూ కలిసిన బేస్‌మెంట్ కుళాయి నీరు. ఆ కుళాయికి వచ్చేది శుద్ధి చేసిన మురుగునీరు.

బెంగళూరులో ఈ సంగతి ప్రతి కారు యజమానికీ తెలియాలి. 2024 వేసవిలో నీటి కొరత తీవ్రమైనప్పుడు నగర జలమండలి కార్లు కడగడం వంటి పనులకు తాగునీటి వాడకాన్ని నిషేధించి, 5,000 రూపాయల జరిమానా ప్రకటించింది. శుద్ధి చేసిన నీటితో కారు పైభాగం కడగడం సరైన పనే, నేనూ అదే చేయిస్తాను. ట్యాంకులో మాత్రం ఆ నీరు పోయకూడదు. దానిలో మిగిలిన పోషకాలు చీకటిగా, వెచ్చగా ఉండే ట్యాంకులో పాచిని పెంచుతాయి. బోరు నీరు, ట్యాంకర్ నీరు ఇంకో రకంగా హాని చేస్తాయి. భారత ప్రమాణాల సంస్థ 2012 నాటి ఐ.ఎస్. 10500 ప్రమాణం ప్రకారం తాగునీటి కాఠిన్యం (నీటిలో కరిగి ఉన్న సున్నపు జాతి లవణాల పరిమాణం) లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేనప్పుడు 600 వరకు అనుమతి ఉంది. 600 ఉన్న నీటిని మూడు లీటర్ల ట్యాంకులో నింపితే దానిలో సుమారు 1.8 గ్రాముల సున్నపురాయికి సమానమైన లవణం కరిగి ఉన్నట్టు. జెట్టు మొన దగ్గర నిలిచిన చుక్క బానెట్ వేడికి ఆరినప్పుడల్లా ఆ సున్నంలో కొంత రంధ్రంలో మిగులుతుంది. గీజర్ లోపల, కుళాయి మూతి మీద చూసే తెల్లటి పొర ఇదే. సబ్బు కలిస్తే అది కాఠిన్యంతో చేరి తెట్టుగా మారుతుంది.

ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీటి విషయంలో చాలామంది పొరపడతారు. నీళ్లు వృథా చేయకూడదని దాన్ని పట్టి ట్యాంకులో పోస్తారు. యంత్రం వేరుచేసిన లవణాలన్నీ చేరేది ఆ నీటిలోనే కాబట్టి అది కుళాయి నీటికన్నా హాని. దాన్ని బాత్రూము కడగడానికి వాడండి. ట్యాంకులోకి ఆర్‌ఓ శుద్ధజలం, లేదా బ్యాటరీ డిస్టిల్డ్ వాటర్ మంచిది. ఏసీ నుంచి కారే నీటిలో లవణాలు దాదాపు ఉండవు. దుమ్ము ఉంటుంది కాబట్టి పల్చని నూలు గుడ్డలో వడగట్టి అప్పటికప్పుడు వాడాలి. వీటిలో ఏ నీరు పోసినా, వాషర్ ద్రవాన్ని సీసా మీద రాసిన కొలతలో కలపండి. ఉత్త నీరు నిలిస్తే సూక్ష్మజీవులు పెరుగుతాయి. బ్రిటన్‌లో 2010లో వెలువడిన ఒక అధ్యయనం వాషర్ ద్రవం కలపకుండా నీరే వాడటానికీ, లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే న్యుమోనియాకూ సంబంధం ఉందని గుర్తించింది.

ఇప్పటికే పాత నీరున్న ట్యాంకును ఖాళీ చేయడానికి జెట్టు దగ్గర పైపు ఊడదీసి బకెట్లో పెట్టి, మధ్యమధ్య విరామం ఇస్తూ పంపు చేత తోడించండి. తరువాత ఒక లీటరు గోరువెచ్చని ఆర్‌ఓ నీరు పోసి, కారును మెల్లగా ముందుకూ వెనక్కూ కదిపి, అది కూడా తోడేయండి. నీరు తేటగా వచ్చేదాకా రెండు మూడుసార్లు చేయాలి. జల్లెడ శుభ్రం చేయడానికి చాలా కార్లలో ముందు చక్రం వెనకటి ప్లాస్టిక్ తొడుగు విప్పాలి. జాకీ సరిగా వేయడం రాకపోతే ఆ ఒక్క పని మెకానిక్‌కు వదిలేయండి. గ్రోమెట్, మీటరు లెక్కన పైపు, పంపు బెంగళూరు జె.సి. రోడ్డులోని స్పేర్ పార్టుల దుకాణాల్లో దొరుకుతాయి. పాతవి చేతిలో పట్టుకుని వెళ్లండి.

కానుగ చెట్టు కింద కారు నిలిపేవారు పూలు రాలే కాలంలో వారానికోసారి జెట్ల చుట్టూ, వైపర్ల కింది జాలీ మీదా పడిన రేకులను చేత్తో ఏరేయాలి, నీళ్లు కొట్టి లోపలికి తోయకూడదు.

ఈ వారం అభ్యాసం: ట్యాంకు శుభ్రం చేసి కొత్త నీరు నింపిన రోజున, పైపు చివరను గ్లాసులో పెట్టి, 200 మిల్లీలీటర్లు నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. ఐదేసి సెకన్ల చొప్పున ఆపి ఆపి లాగి, లెక్క కలుపుకోండి. ఆ అంకె, తేదీ సర్వీసు పుస్తకం చివరి పేజీలో రాసి పెట్టండి. మూడు నెలల తరువాత ఇదే పరీక్ష మళ్లీ చేయండి. సమయం పెరిగి ఉంటే జల్లెడ మూసుకుంటోందని అర్థం. జెట్టు పూర్తిగా ఆగేలోగానే ట్యాంకు మళ్లీ కడగవచ్చు.