గోధుమ లేని క్యారేజీ – 3వ పాఠం: ఒంటిగంట దాకా మెత్తగా ఉండే జొన్నరొట్టె

మొదటి పాఠంలో గోధుమ, బార్లీ ఏయే రూపాల్లో దాక్కుంటాయో చూశాం. రెండో పాఠంలో పీట, జల్లెడ, పెనం వేరు చేసుకున్నాం. ఇక వంట మొదలుపెడదాం. ఈ పాఠంలో జొన్నరొట్టె ముఖ్యం. ఆ తర్వాత రోజు మార్చి రోజు పట్టుకెళ్ళడానికి ఉప్పుడుపిండి, దద్దోజనం, చివర్లో సాయంత్రం నమలడానికి కొన్ని.

సీలియాక్ జబ్బు (గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే జిగురు ప్రోటీన్ తింటే చిన్నపేగు దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్ళకి తెలుగింటి వంటల్లో లోటేమీ లేదు. అన్నం, పప్పు, ఇడ్లీ, పెసరట్టు, జొన్నరొట్టె, సంగటి – వీటిలో దేనికీ గోధుమతో పని లేదు. చిక్కంతా వండినప్పటికీ తినేటప్పటికీ మధ్య ఉన్న ఐదు గంటల్లోనే ఉంది. ఎనిమిదింటికి పెనం మీద నుంచి మెత్తగా దిగిన రొట్టె ఒంటిగంటకి తుంచబోతే పెళుసుగా విరుగుతుంది. అది చూసి చాలామంది రొట్టె మానేసి వారమంతా తెల్లన్నంతో గడిపేస్తారు. ముడి లెక్కన 100 గ్రాముల జొన్నల్లో పీచు దాదాపు 10 గ్రాములు, పాలిష్ పట్టిన బియ్యంలో 3 గ్రాముల లోపే. గోధుమ మానేసినవాళ్ళకి మొదట తగ్గేది పీచే కాబట్టి జొన్నని వదులుకోకూడదు.

రొట్టె ఎందుకు గట్టిపడుతుంది?

చపాతీ చల్లారినా వంగుతుంది, దాన్ని పట్టి ఉంచే గ్లూటెన్ సాగుతుంది కనుక. జొన్నలో ఆ జిగురు లేదు. అక్కడ పిండిని పట్టి ఉంచేది వేడినీళ్ళకి ఉడికి జిగురెక్కిన స్టార్చ్. చల్లారేకొద్దీ ఈ స్టార్చ్ తాను పీల్చుకున్న నీటిని వదిలేసి బిగుసుకుంటుంది. ఫ్రిజ్‌లో, అంటే 4 డిగ్రీల దగ్గర, ఈ బిగుసుకోవడం ఇంకా త్వరగా జరుగుతుంది. అందుకే రాత్రి చేసి ఫ్రిజ్‌లో పెట్టిన రొట్టె పొద్దున చేసి బయట ఉంచిన రొట్టె కంటే గట్టిగా ఉంటుంది. ముందురోజే చేసుకోక తప్పకపోతే డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. అంత చలిలో స్టార్చ్ బిగుసుకోవడం దాదాపు ఆగిపోతుంది.

దీన్ని బట్టి చేయాల్సినవి మూడు: పిండిని బాగా ఉడకనివ్వాలి, కాల్చేటప్పుడు తేమ పోనివ్వకూడదు, డబ్బాలో ఆవిరిని నిలపాలి.

పిండి

తాజా పిండి కావాలి. ఆడించి నెల దాటిన జొన్నపిండి చిరుచేదెక్కుతుంది, ముద్ద కూడా సరిగ్గా కట్టదు. రొట్టె అంచులు చిట్లుతున్నాయంటే చేతివాటాన్ని అనుమానించే ముందు పిండి వయసు చూసుకోండి. రెండు వారాలకి సరిపడా మాత్రమే ఆడించుకోవడం మంచిది. తెల్ల జొన్నలైతే రొట్టె మెత్తగా వస్తుంది.

ఆడించే చోటు ఇంకా ముఖ్యం. పిండిమరలో మీకంటే ముందు ఎవరో గోధుమలు ఆడిస్తే ఆ పిండి రాళ్ళ మధ్యా, గొట్టంలోనూ మిగిలే ఉంటుంది. గోధుమపిండిలో ఇంచుమించు పదో వంతు గ్లూటెన్. అరగ్రాము పిండిలోనే 50 మిల్లీగ్రాముల దాకా వచ్చేస్తుంది. సీలియాక్ ఉన్నవాళ్ళకి రోజూ ఆ మాత్రం లోపలికి వెళ్ళినా చిన్నపేగు దెబ్బతింటుంది. “ముందు కాసిని జొన్నలు పోసి తిప్పేశాంలెండి” అని మర అతను చెప్పే మాట మీద ఆధారపడకండి. జొన్నలు మాత్రమే ఆడే మర దొరక్కపోతే ఇంట్లోనే మిక్సీలో గ్లాసు గ్లాసు చొప్పున వేసి, వేడెక్కకుండా ఆపి ఆపి తిప్పి, మీ సొంత జల్లెడతో జల్లించండి. ప్యాకెట్ పిండి కొంటే ‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాసి ఉందో లేదో చూడండి. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. నిబంధన ప్రకారం ఆ మాట రాయాలంటే కిలోలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు దాటకూడదు. జొన్న సహజంగా గ్లూటెన్ లేని ధాన్యమే అయినా, ఆ మాట లేని ప్యాకెట్ ఏ మరలో ఆడిందో మనకి తెలియదు.

రొట్టె చేయడం

నాలుగు రొట్టెలకి 200 మిల్లీలీటర్ల గ్లాసుతో ఒక గ్లాసు పిండి, ఒక గ్లాసు నీళ్ళు, అర చెంచా ఉప్పు, చెంచా నూనె. పీట మీద చల్లడానికి గుప్పెడు జొన్నపిండి విడిగా ఉంచుకోండి.

నీళ్ళలో ఉప్పు, నూనె వేసి తెర్లనివ్వాలి. అడుగున బుడగలు కనపడగానే దించేస్తే చాలదు, నీళ్ళు పైకి ఎగిరిపడాలి. పిండిని వెడల్పు గిన్నెలో వేసి ముప్పావు గ్లాసు మరుగునీళ్ళు పోసి, గరిట కాడతో గబగబా కలిపి, మూతపెట్టి పది నిమిషాలు వదిలేయండి. ఈ పది నిమిషాల్లోనే స్టార్చ్ ఉడుకుతుంది. తొందరపడి మూత తీసి పిసికితే రొట్టె వేడిగా ఉన్నంతసేపు బాగానే ఉంటుంది కానీ మధ్యాహ్నానికి విరుగుతుంది.

తర్వాత చేయి పట్టేంత వేడి ఉండగానే అరచేతి కింది భాగంతో ముందుకి రుద్దుతూ ఐదు నిమిషాలు మర్దించాలి. పొడిగా అనిపిస్తే మిగిలిన వేడినీళ్ళు చెంచా చెంచాగా కలపండి. చిన్న ఉండ చేసి వేలితో నొక్కి చూడండి: అంచు పగిలితే ఇంకా నీళ్ళు కావాలి, వేలికి అంటుకుంటే ఎక్కువయ్యాయి. ఎక్కువైతే పొడిపిండి కలిపి మళ్ళీ మర్దించాలి, కానీ అలా కలిపిన పిండి ఉడకలేదు కనుక రెండు చెంచాలు మించనివ్వకండి.

ఒక్కో ఉండనీ అరచేతితో తిప్పుతూ తట్టాలి. ఆరంగుళాల వెడల్పు, మూడు మిల్లీమీటర్ల మందం చాలు. ఇంట్లో వేడివేడిగా తినే రొట్టె ఇంతకంటే పల్చగా తడతారు. డబ్బాకి పల్చటిది పనికిరాదు, తేమ ఆరిపోతుంది. తట్టడం చేతకాని వాళ్ళు పాల ప్యాకెట్ కవరు కత్తిరించి కడిగి, కాస్త నూనె రాసి, రెండు పొరల మధ్య పెట్టి నొక్కుకోవచ్చు. నామోషీ పడాల్సిన పనేం లేదు, రొట్టె మెత్తగా వస్తే చాలు.

పెనం బాగా కాగాక రొట్టె వేయండి, పొడిపిండి అంటిన వైపు పైకి రావాలి. వెంటనే తడిగుడ్డతో పైన నీళ్ళు రాయాలి. ఆ తడి పూర్తిగా ఆరకముందే తిప్పేయాలి. రెండో వైపు నిమిషం కాల్చి మళ్ళీ తిప్పి, అంచుల మీద గుడ్డతో మెల్లగా అదిమితే పొంగుతుంది. పొంగకపోతే ఎక్కడో చీలిక ఉంది, లేదా మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంది. మంట తగ్గించి ఎక్కువసేపు కాల్చడం ఇక్కడ అందరూ చేసే పొరపాటు. రొట్టె మాడదు నిజమే, కానీ తేమంతా పోతుంది. మంట పెద్దదిగా ఉండాలి, సమయం తక్కువ పట్టాలి.

ఇంత చేసినా విరుగుతుంటే గ్లాసు పిండికి ఒక చెంచా ఇసబ్‌గోల్ పొట్టు కలిపి, నీళ్ళు రెండు మూడు చెంచాలు పెంచి చూడండి. అది గ్లూటెన్ చేసే పనిలో కొంత చేస్తుంది. రుచి మారదు.

డబ్బాలో పెట్టడం

పెనం మీద నుంచి దిగిన రొట్టెని ఒక నిమిషం విడిగా ఉంచి పైపై ఆవిరి పోనిచ్చి, పావు చెంచా నెయ్యో నూనో రాసి, నూలు గుడ్డలో ఒకదాని మీద ఒకటి పేర్చి చుట్టండి. గోరువెచ్చగా ఉండగానే డబ్బాలో పెట్టి మూతవేయాలి. పూర్తిగా చల్లార్చాక పెడితే ఆలస్యమైపోయినట్టే. గుడ్డ లేకుండా ఫాయిల్‌లో చుడితే ఆవిరి నీటి బొట్లై అడుగు రొట్టె ముద్దవుతుంది, పైది ఎండుతుంది.

ఆఫీసులో మైక్రోవేవ్ ఉంటే రొట్టె మీద నీళ్ళు చిలకరించి, తడి టిష్యూ కప్పి, 20 సెకన్లు వేడిచేయండి. బిగుసుకున్న స్టార్చ్ వేడికి మళ్ళీ కొంత వదులవుతుంది. నిమిషం పెడితే ఉన్న తేమ కూడా పోతుంది. పదిమంది వాడే మైక్రోవేవ్ పళ్ళెం మీద చపాతీ తునకలు ఉంటాయి కనుక మీ డబ్బా నేరుగా పెట్టకుండా కింద మీ సొంత ప్లేటు పెట్టుకోండి.

పక్కకి పలుచటి పులుసులు వద్దు. గోంగూర పప్పు గట్టిగా, వంకాయ వేపుడు, కోడిగుడ్డు పొరటు, లేదా నూనె కలిపిన వెల్లుల్లి కారం తీసుకెళ్ళండి. కొబ్బరి పచ్చడి ఎండాకాలంలో మధ్యాహ్నానికి పాడవుతుంది, దాని బదులు పల్లీల పొడి మేలు.

ఒక్కమాట ఇంగువ గురించి. మొదటి పాఠంలో చెప్పినా మళ్ళీ చెప్పాల్సిందే, ఎందుకంటే బయట కొన్న కందిపొడి, సాంబారు పొడి, మజ్జిగ మిరపకాయలు, అప్పడాలు అన్నిటిలోనూ అది ఉండొచ్చు. మార్కెట్లో దొరికే డబ్బా ఇంగువల్లో చాలావాటిలో గోధుమపిండి లేదా మైదా కలుపుతారు. బియ్యప్పిండితో చేసినవీ దొరుకుతాయి. లేబుల్ చదవకుండా కొనొద్దు.

ఉప్పుడుపిండి

బొంబాయి రవ్వ ఉప్మాకి బదులు ఇది. చల్లారినా తినగలిగేలా ఉంటుంది, రొట్టె కంటే తేలిక. గ్లాసు బియ్యపు రవ్వకి రెండు గ్లాసుల నీళ్ళు, పావు గ్లాసు పెసరపప్పు, రెండు పెద్ద చెంచాల నూనె. ఆవాలు, మినప్పప్పు, శనగపప్పు, మిరియాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పెట్టి, నీళ్ళు, ఉప్పు, కడిగిన పెసరపప్పు వేసి మరిగాక రవ్వ పోసి కలిపి, సన్నటి సెగ మీద గట్టి మూతతో పన్నెండు నిమిషాలు మగ్గనివ్వండి. కట్టేశాక ఇంకో పది నిమిషాలు మూత తీయకూడదు.

రవ్వ ఇంట్లో చేసుకోవడమే మేలు: బియ్యం కడిగి, నీడలో ఆరబెట్టి, మిక్సీలో రెండు మూడుసార్లు తిప్పి, పిండి పోయేలా జల్లించాలి. జల్లించకపోతే ముద్దవుతుంది. ఇడ్లీ రవ్వ వాడినా అంతే. నోటికి పలుకు తగిలితే మూత సరిగ్గా పడక ఆవిరి పోయిందని అర్థం. సగం బియ్యపు రవ్వ, సగం కొర్ర రవ్వ వేస్తే పీచు పెరుగుతుంది. క్యారెట్, బీన్స్ సన్నగా తరిగి తాలింపులో వేస్తే అదే భోజనం.

దద్దోజనం

పెరుగు కలిపి తీసుకెళ్తే మధ్యాహ్నానికి పుల్లబడుతుంది. పాలు కలిపి తీసుకెళ్ళండి. గ్లాసు బియ్యాన్ని మూడు గ్లాసుల నీళ్ళతో మెత్తగా వండి, వేడిగా ఉండగా మెదిపి, గోరువెచ్చగా అయ్యాక గ్లాసున్నర కాచిన పాలు, రెండు చెంచాల పెరుగు కలపాలి. డబ్బాలోనే తోడుకుంటుంది. మే నెలలో పెరుగు ఒక్క చెంచా చాలు, చలికాలంలో మూడు కావాలి. అల్లం పచ్చిగా వేస్తే పాలు విరుగుతాయి, తాలింపులో వేయించి వేయండి. కొర్రలతో చేయాలంటే గంట నానబెట్టి అంతే మెత్తగా వండండి, పాలు కొంచెం ఎక్కువ పడతాయి.

వీటికి అన్నం పొద్దున వండుకోవాలి. రాత్రి వండినదైతే పళ్ళెంలో పలచగా పరిచి చల్లార్చి, గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. రాత్రంతా గట్టు మీద వదిలేసిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విషాన్ని తయారుచేయొచ్చు. తర్వాత ఎంత వేడిచేసినా ఆ విషం పోదు.

నాలుగింటికి

ఇక్కడ వంట కంటే జాగ్రత్తే ఎక్కువ. ఆఫీసు టీ బల్ల మీద ఉండే చేగోడీలు, జంతికలు, మిక్చర్‌లలో మైదా ఉండొచ్చు. లేకపోయినా సమోసాలు వేయించిన నూనెలోనే వేయించి ఉండొచ్చు. బార్లీ మాల్ట్ కలిసిన పానీయాలూ వద్దు. వేయించిన శనగలు, ఉడికించిన పల్లీలు, జొన్న పేలాలు, నువ్వుండలు, జామకాయ మీ బల్ల సొరుగులో ఉంటే అటు చూడక్కర్లేదు. గుగ్గిళ్ళు చేయాలంటే గుప్పెడు శనగలు రాత్రి నానబెట్టి, పొద్దున కుక్కర్‌లో నాలుగు కూతలు రానిచ్చి, నీళ్ళు పూర్తిగా వంపి తాలింపు పెట్టండి. తడి మిగిలితే సాయంత్రానికి జిగురొస్తుంది.

ఈ వారం సాధన

ఆదివారం పొద్దున మూడు రొట్టెలు ఒకే ముద్ద నుంచి చేయండి. ఒకటి గుడ్డలో చుట్టి డబ్బాలో, ఒకటి ఫాయిల్‌లో, ఒకటి ఫ్రిజ్‌లో పెట్టండి. ఒంటిగంటకి మూడింటినీ మధ్యకి మడిచి చూడండి. గుడ్డలోది విరగకుండా మడత పడితే పాఠం వచ్చినట్టే. అదీ విరిగితే మరుగునీళ్ళు, పది నిమిషాల మూత, పెనం వేడి – ఈ వరుసలో వెతకండి, తప్పు చాలావరకు మొదటి రెండింటిలోనే దొరుకుతుంది.

తర్వాతి పాఠం పెసరట్టు, దిబ్బరొట్టె. దానికి పొట్టు పెసలు, మినప్పప్పు, జల్లించిన బియ్యపు రవ్వ సిద్ధంగా పెట్టుకోండి.