మరలు విప్పడం నేర్చుకుందాం – 4వ పాఠం: తల అరిగిన చిన్న స్క్రూ

స్క్రూకి సరిపోయే బిట్ (స్క్రూడ్రైవర్ మొన) ఎంచుకోవడం పోయిన పాఠంలో చూశాం. ఈసారి ప్లస్ గాడి అప్పటికే గుండ్రంగా అరిగిపోయిన స్క్రూని తీద్దాం. లాప్‌టాప్, కెమెరా లాంటి వాటిలో ఉండే, సుమారు 2 మిల్లీమీటర్ల మందం స్క్రూలకే ఈ పాఠం.

బిట్ ఒక్కసారి జారిందా, అక్కడే ఆగిపోండి. టెన్షన్‌లో మళ్లీ మళ్లీ తిప్పితే మిగిలిన కాస్త లోహం కూడా చెక్కుకుపోతుంది. భూతద్దంతో గాడిలోకి చూసి, మురికి ఉంటే సూదితో తీసేయండి. మురికితో పూడిపోయిన గాడి కూడా అరిగిన గాడిలాగే బిట్‌ని జారుస్తుంది.

ప్లస్ గాడి గోడలు లోపలికి ఏటవాలుగా ఉంటాయి. అందుకే గట్టిగా తిప్పేకొద్దీ బిట్ పైకి లేస్తుంది. తిప్పే బలం కన్నా నొక్కే బలమే ఎక్కువ ఉండాలి. పీహెచ్00 సైజు ప్లస్ బిట్ జారుతుంటే, దానికన్నా ఒక సైజు పెద్దదైన పీహెచ్0 పెట్టి చూడండి. జపాన్ పరికరమైతే జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) బిట్ తీసుకోండి, గాడిలో ఇంకా లోతుగా కూర్చుంటుంది.

ఇప్పుడు అసలు కిటుకు: ముందు బిగించే వైపు రవ్వంత తిప్పండి. విప్పబోయి జారినప్పుడు అరిగేది ఒకవైపు గోడలే. బిగించే వైపు గోడలు చాలావరకు బాగానే ఉంటాయి. ఆ చిన్న కదలికతో పట్టు సడలితే, తర్వాత విప్పడం తేలిక.

బిట్‌కీ స్క్రూకీ మధ్య రబ్బరు బ్యాండ్ పెట్టి తిప్పే చిట్కా చాలామంది చెబుతారు. ఇంత చిన్న గాడిలో రబ్బరే నిండిపోయి బిట్ లోపలికి దిగదు. గరుకుగా ఉండే వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్ చుక్కంత రాయడమే నాకు నచ్చిన పద్ధతి.

అయినా కదల్లేదంటే స్క్రూ వదులవకుండా దాని మరలకి లాకింగ్ జిగురు పూసి ఉండొచ్చు. బ్యాటరీ తీసేసి, సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తలకి కొన్ని సెకన్లు ఆనించి, వేడి తగ్గకముందే తిప్పండి. పక్కనే ప్లాస్టిక్ ఉంటే, లేదా బ్యాటరీని తీయడం కుదరకపోతే ఈ పని వద్దే వద్దు.

తల పైకి పొడుచుకొని ఉంటే నోస్ ప్లయర్‌తో (సన్న మొన పట్టకారుతో) పట్టుకొని తిప్పితే చాలు. లేదంటే రోటరీ టూల్ (వేగంగా తిరిగే చిన్న చేతి యంత్రం) సన్న చక్రంతో తల మీద అడ్డంగా గాడి కోసి, మైనస్ స్క్రూడ్రైవర్ వాడాలి. కోసేముందు చుట్టూ టేప్ అంటించండి. లోహపు పొడి సర్క్యూట్ బోర్డు మీద పడితే షార్ట్ అవుతుంది.

పనికిరాని పాత రిమోట్ స్క్రూల మీద ఈ వారం సాధన చేయండి. కోసిన గాడి కూడా విరిగిపోతే ఏం చేయాలో, డ్రిల్లింగ్ గురించి చెప్పే 5వ పాఠంలో చూద్దాం.