మానని పుండు, పెరిగే నల్లమచ్చ: చర్మ క్యాన్సర్ ఆపరేషన్‌కు ముందూ తర్వాతా వచ్చే సమస్యలు, పరిష్కారాలు

చర్మ క్యాన్సర్ తెల్లతోలు వాళ్లకే వస్తుందని మనలో చాలామంది అనుకుంటారు. ఎండ వల్ల వచ్చే రకాలు మనకు తక్కువన్నది నిజమే. కానీ నల్లగొండ, పాలమూరు పల్లెల్లో దాన్ని వెతకాల్సిన చోట్లు వేరు: పాత కాలిన మచ్చ, ఏళ్ల తరబడి మానని కాలి పుండు, అరికాలు.

సమస్య: కాలిన మచ్చ మీద పుండు లేచింది, ఎన్ని కట్లు కట్టినా మానట్లేదు

చిన్నప్పుడు వేడినీళ్లో, కట్టెల పొయ్యో తగిలి కాలిన చోట ఇరవై ముప్పై ఏళ్లకు పుండు పడటం వైద్యంలో బాగా తెలిసిన సంగతే. అలా వచ్చేది చాలావరకు స్క్వామస్ సెల్ క్యాన్సర్, అంటే చర్మం పైపొర కణాల్లో పుట్టే రకం. పుండు అంచు గట్టిపడి పైకి లేస్తుంది, గోబీపువ్వు మాదిరి కండ పెరుగుతుంది, తాకితే రక్తం, దగ్గరికి పోతే వాసన. షుగర్ పుండు, నరాలు ఉబ్బిన కాలి పుండు, కుష్ఠు వల్ల స్పర్శ పోయిన పాదంలో పుండు కూడా ఏళ్లకేళ్లు మానకపోతే ఇదే దారి పట్టొచ్చు. మునుగోడు, మర్రిగూడ వైపు వాళ్లు "ఫ్లోరైడ్ నీళ్ల వల్లనా సారూ" అని అడుగుతారు. కాదు. ఫ్లోరైడ్ దెబ్బ పళ్ల మీదా ఎముకల మీదా పడుతుంది.

పరిష్కారం: నాలుగు వారాలు దాటినా మానని పుండుకు ఆయింట్‌మెంట్ మార్చడం ఆపి ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించాలి. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో సర్జరీ ఓపీకి పోండి. ముక్క పుండు నడిమధ్య నుంచి కాదు, అంచు నుంచి తీయాలి. మధ్యలో చచ్చిన కండే ఉంటుంది కాబట్టి అక్కడ తీస్తే రిపోర్టు ఏమీ తేల్చకపోవచ్చు. "ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతది" అనే భయంతో వెనక్కి తగ్గేవాళ్లు చాలామంది. పరీక్ష కోసం ముక్క తీసినంత మాత్రాన అది పాకదు.

సమస్య: అరికాలిలో నల్లమచ్చ పెద్దదవుతోంది, లేదా ముక్కు పక్కన పుట్టుమచ్చ పుండైంది

ముల్లు గుచ్చుకుని నల్లబడిందనుకుంటారు. గోటి కింద దెబ్బ తగిలి కట్టిన రక్తమైతే గోరు పెరిగేకొద్దీ ముందుకు జరిగిపోతుంది. జరగకుండా వెడల్పయ్యే నల్లగీత, గోటి మొదలు దాటి చర్మం మీదికి వచ్చే నలుపు మెలనోమా కావచ్చు, అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్. నల్లచర్మం వాళ్లకు మెలనోమా ఎక్కువగా అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కిందే వస్తుంది. ముఖం మీద వచ్చే బేసల్ సెల్ క్యాన్సర్ (పైపొర అడుగు కణాల్లో పుట్టే రకం) మన చర్మంలో అచ్చం పుట్టుమచ్చలా నల్లగా కనబడుతుంది.

పరిష్కారం: సున్నం, సోడా కలిపి పెట్టి కాల్చకండి. బ్లేడుతో గీకించకండి. పైన కాలి మానినట్టు కనిపించినా కింద అది మిగిలే ఉంటుంది, పరీక్షకు పంపడానికి మాత్రం ఏమీ మిగలదు. మెలనోమాలో అసలు లెక్క దాని మందం, అదీ మిల్లీమీటర్లలో. ఎంత కోయాలో ఆ లెక్కే చెబుతుంది.

సమస్య: "శనగగింజంత మచ్చకు ఇంత పొడుగు కోతనా?"

కణాలు కంటికి కనిపించే అంచు దాటి పోయి ఉంటాయి కాబట్టి చుట్టూ మంచి చర్మం కూడా తీస్తారు. ప్రమాదం తక్కువున్న బేసల్ సెల్‌కు సుమారు 4 మిల్లీమీటర్లు, స్క్వామస్‌కు 4 నుంచి 6, ముదిరితే సెంటీమీటరు, ఆ పైన. మెలనోమాకు మందాన్ని బట్టి ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు. గుండ్రంగా కోసి కుట్టేస్తే రెండు కొసల్లో చర్మం ముడుచుకుని నిలబడుతుంది. అందుకే వెడల్పుకు మూడింతల పొడుగుతో ఆకు ఆకారంలో కోస్తారు. దగ్గరికి లాగినా అందకపోతే పక్క చర్మం తిప్పి కప్పుతారు, లేదా తొడ నుంచి పలుచటి పొర తీసి అతికిస్తారు.

చిన్నదైతే ఆ చోటికే మత్తు సూది. మెలకువగానే ఉంటారు. సూది మందు మండుతుంది, ఆ తర్వాత లాగినట్టు, నొక్కినట్టు తెలుస్తుంది గానీ నొప్పి ఉండదు. రక్తం ఆపడానికి కరెంటుతో కాలుస్తారు, వెంట్రుక కాలిన వాసన వస్తే బెదరకండి. ఆ సాయంత్రమే ఇంటికి పోవచ్చు.

సమస్య: కట్టు తడిసి రక్తం వస్తోంది

శుభ్రమైన గుడ్డ పెట్టి గడియారం చూసి ఇరవై నిమిషాలు నొక్కి పట్టాలి. మధ్యలో ఎత్తి చూడొద్దు, చూస్తే మళ్లీ మొదటికొస్తుంది. అప్పటికీ ఆగకపోతే ఆసుపత్రికే. గుండెకు రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి, సొంతంగా ఆపేయకూడదు.

సమస్య: నుదుటి మీద కోస్తే కన్ను మూసుకుపోయింది

వాపు కిందికి జారింది, అంతే. రెండో రోజు ఎక్కువగా ఉండి, తర్వాత తగ్గుతుంది. రెండు మెత్తలు పెట్టుకుని పడుకోండి.

సమస్య: మూడో రోజు తర్వాత నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతోంది

ఎరుపు పాకడం, చీము, జ్వరం తోడైతే ఇన్‌ఫెక్షనే. దాని మీద పసుపు, కాఫీపొడి అద్దితే డాక్టరుకు కుట్లు కూడా కనబడవు. ఏమీ పూయకుండా తీసుకెళ్లండి. పప్పు తింటే చీము పడుతుందని నెలరోజులు చారన్నం మీదే ఉంచుతారు మనవాళ్లు. నాకైతే ఇన్‌ఫెక్షన్ కంటే ఈ పథ్యం మీదే కోపం. పుండు పూడటానికి మాంసకృత్తులే కావాలి. పప్పు, గుడ్డు, చికెన్ అన్నీ పెట్టండి. షుగర్ ఉంటే దాన్ని అదుపులో ఉంచండి.

సమస్య: అతికించిన చోట బాగానే ఉంది, తొడ మంటతో నిద్ర లేదు

ఇది మామూలే. చర్మం తీసిన చోట నరాల కొసలు బయటపడి ఉంటాయి. అక్కడ అంటుకున్న కట్టును పీకొద్దు, రెండు వారాల్లో కింద కొత్త చర్మం వచ్చాక దానంతటదే వదులుతుంది. అతికించిన చోటి కట్టును అయిదు నుంచి ఏడు రోజులకు డాక్టరే విప్పుతారు. పైపొర నల్లగా కనిపించినంత మాత్రాన అది చచ్చిందని కాదు. అతికించింది కాలి మీదైతే కాలు ఎత్తులో పెట్టుకోవాలి. బీడీ మానకపోతే ఆ చర్మానికి రక్తం అందదు.

సమస్య: కోసి తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ ఉందని రిపోర్టు వచ్చింది

ఆపరేషన్ చెడిపోయిందని కాదు, ఇంకొంత తీయాలని అర్థం. తీయలేని చోటైతే రేడియేషన్. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికో, బీబీనగర్ ఎయిమ్స్‌కో పోయేటప్పుడు కాగితం ఒక్కటే చాలదు. మొదట పరీక్ష చేసిన ల్యాబ్ నుంచి గాజు స్లైడ్లు, ముక్కను భద్రపరిచిన మైనపు దిమ్మ అడిగి తీసుకోండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షల రూపాయలకు పెంచారు. రేషన్ కార్డు, ఆధార్‌తో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే కలవండి.

సమస్య: కాలికి ఆపరేషన్ అయిన కొన్ని నెలలకు గజ్జల్లో బిళ్ల

పుండు వాపుకూ బిళ్ల కడుతుంది, క్యాన్సర్ పాకినా కడుతుంది. చేత్తో నొక్కి తేల్చలేం, సూది పరీక్ష చేయించాలి. క్యాన్సరేనని తేలితే గజ్జల్లోని గ్రంథులు తీస్తారు, ఆ తర్వాత కాలు వాచే అవకాశం ఉంది. కుట్లు ముఖం మీదైతే వారంలోపు, కాళ్లకైతే పది నుంచి పద్నాలుగు రోజులకు విప్పుతారు. ఆ తర్వాత కూడా మొదటి రెండేళ్లు కొన్ని నెలలకోసారి చూపించుకోవాలి. బొంబాయికో పుణెకో పనికి పోయేవాళ్లు రిపోర్టులన్నీ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, బిళ్ల తగిలితే అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించడానికి పనికొస్తాయి.