బెంగళూరులో ఉంటున్న తెలుగువారు యూడీఐడీ కార్డుకు దరఖాస్తు చేసే విధానం

ఆధార్‌లో చిరునామా అనంతపురమో కర్నూలో ఉంటుంది, బతుకుతెరువు బెంగళూరులో. వికలాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ) కోసం ఊరికి వెళ్లి తీరాలా అని చాలామంది అడుగుతుంటారు. అక్కరలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం నియమాలు రెండు దారులు చూపాయి: సొంత జిల్లాలో దరఖాస్తు చేయవచ్చు, లేదా ఆ వైకల్యానికి చికిత్స పొందిన ప్రభుత్వ ఆసుపత్రిలో చేయవచ్చు. చూపు సమస్యకు మింటో ఆసుపత్రిలోనో, మానసిక సమస్యకు నిమ్హాన్స్‌లోనో చూపించుకుంటున్నవారికి అక్కడి ఓపీ చీటీయే ఆధారం. దాన్ని భద్రంగా దాచుకోండి.

వైకల్యాన్ని ధ్రువీకరిస్తూ మన రాష్ట్రంలో ఇచ్చే సదరం సర్టిఫికెట్ ఇప్పటికే ఉండి, గడువు తీరకుండా ఉంటే అది దేశమంతటా చెల్లుతుంది. ఈ కార్డుల కోసం కేంద్రం నడిపే స్వావలంబన్ వెబ్‌సైట్‌లో సర్టిఫికెట్ ఉందని తెలిపి, దాన్ని జతచేసి, కార్డు ఒక్కటే అడగండి.

కొత్తగా చేసేవారు అదే వెబ్‌సైట్‌లో ఆధార్ వివరాలు, గుర్తింపు పత్రం, ఆరు నెలల లోపు దిగిన ఫోటో ఇవ్వాలి. దరఖాస్తుకు రుసుము లేదు. నెట్ సెంటర్‌లో చేయిస్తే పేరు, ఇంటిపేరు ఆధార్‌లో ఉన్నట్టే పడ్డాయో లేదో దగ్గరుండి చూసుకోండి. చివర్లో వచ్చే నమోదు సంఖ్యను రాసి ఉంచుకోండి, దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో దాంతోనే తెలుస్తుంది.

వైకల్య పరీక్ష ఏ రోజు చేస్తారో ఆసుపత్రిలో ముందుగా కనుక్కోండి. పాత రిపోర్టుల అసలు ప్రతులు తీసుకెళ్లండి, కన్నడం బాగా వచ్చినవారిని తోడు పిలుచుకోండి. మరో మాట. బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డను తీసుకెళ్లిన తల్లిదండ్రులు పరువు కోసమో, బిడ్డ మీద ప్రేమతోనో "మా అమ్మాయి అన్ని పనులూ తనే చేసుకుంటుందండీ" అనేస్తారు. గౌను గుండీలు ఎవరు పెడుతున్నారు, అన్నం కలిపి ఎవరు తినిపిస్తున్నారు, వీధిలోకి ఒంటరిగా పంపగలరా అన్నది ఉన్నదున్నట్టు చెప్పండి. అది బిడ్డను తక్కువ చేయడం కాదు, ఆమెకు రావలసినది అడగడం.

పరీక్షలో వైకల్యం ఎంత శాతం వేశారన్నది కీలకం. ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ 40 శాతం, ఆపైన ఉన్నవారికే. కార్డు రంగు కూడా శాతాన్ని బట్టే: 40 లోపు తెలుపు, 40 నుంచి 79 వరకు పసుపు, 80, ఆపైన నీలం. సర్టిఫికెట్ నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా తీసుకోండి. చట్టంలోని 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకునే హక్కు మీకుంది.

ఒకప్పుడు నెలలో ఇవ్వాల్సిన సర్టిఫికెట్‌కు నియమాల 2024 సవరణ మూడు నెలల గడువు ఇచ్చింది. రెండేళ్లలో తేలని దరఖాస్తు రద్దయిపోతుందని కూడా అందులోనే ఉంది. ఆలస్యం చేసేది ఆసుపత్రి అయినా మళ్లీ దరఖాస్తు చేయడమో, అధికారులను కలిసి పాతదాన్ని తిరిగి తెరిపించుకోవడమో చేయాల్సింది రోగే అంటే అది అన్యాయం. ఈ నియమం మారాలి.

పింఛను సంగతి మరీ బాధాకరం. కార్డు దేశమంతా చెల్లుతుంది, పింఛను మాత్రం రాష్ట్రం దాటదు. ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. అన్ని రాష్ట్రాలకూ వర్తించే కేంద్ర పింఛనులో కేంద్రం వాటా 80 ఏళ్ల లోపువారికి 2012 నుంచీ 300 రూపాయలే, అదీ పేదరిక రేఖకు దిగువన ఉండి 80 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికే. పని కోసం ఊరు మారిన మనిషితో పాటు పింఛను కూడా కదిలేలా రాష్ట్రాలు ఒప్పందానికి రావాలి. అది జరిగేదాకా, ఆధార్ చిరునామాను బెంగళూరుకు మార్చే ముందు మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో పింఛను గురించి తప్పక అడగండి.