బిల్లు పడని రోజు క్వెరీకి కనిపించదు: తేదీల ఖాళీలు పూడ్చడం ఎలా

ఒక షాపు అమ్మకాల టేబుల్ తీసుకోండి. వారంలో ఐదు రోజులే బిల్లులు పడ్డాయి, మొత్తం 35,000 రూపాయలు. డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో తేదీ వారీగా గ్రూప్ బై చేసి, అంటే ఒక్కో తేదీ బిల్లుల్ని ఒకచోట కలిపి, యావరేజ్ కడితే రోజుకి 7,000 వస్తుంది, అదే ఏడు రోజులతో భాగిస్తే 5,000. ఏది కరెక్టో ఎస్‌క్యూఎల్ చెప్పదు, ఎర్రర్ కూడా ఇవ్వదు, ఎందుకంటే బిల్లు పడని రోజుకి టేబుల్లో అసలు వరుసే లేదు, లేని వరుసని గ్రూప్ బై ఎక్కణ్ణుంచి తెస్తుంది?

అందుకే క్వెరీ ముట్టుకునే ముందు ఆ రోజు ఎందుకు లేదో కనుక్కోండి. షాపు తెరిచారు గానీ ఎవరూ కొనలేదంటే సున్నా. ఆదివారం సెలవైతే ఆ రోజు లెక్కలోకే రాకూడదు. ఆ రోజు ఫైలు అప్‌లోడ్ కాలేదంటే ఎంత అమ్మారో మనకి తెలియదు, నల్‌గానే, అంటే విలువ తెలియదన్న ఖాళీగానే ఉంచాలి. చాలామంది కనిపించిన ప్రతి నల్‌నీ కోలెస్ (నల్ బదులు వేరే విలువ పెట్టే ఫంక్షన్) పెట్టి సున్నా చేసి పారేస్తారు, తప్పుడు రిపోర్టులు పుట్టేది ఇక్కడే. యావరేజ్ ఫంక్షన్ నల్‌ని వదిలేస్తుంది, సున్నాని మాత్రం కలుపుకుంటుంది, కాబట్టి ఈ రెంటికీ తేడా చిన్నదేం కాదు.

ఇక పని. ముందు తేదీల వరుస తయారు చేసుకోవాలి. పోస్ట్‌గ్రెస్‌లో జెనరేట్ సిరీస్‌కి మొదటి తేదీ, చివరి తేదీ, ఒక రోజు ఇంటర్వల్ ఇస్తే చాలు, కాకపోతే వచ్చేది టైమ్‌స్టాంప్, దాన్ని డేట్‌గా మార్చుకోండి. బిగ్‌క్వెరీలో జెనరేట్ డేట్ అర్రే రాసి అన్‌నెస్ట్ చేయండి, అంటే ఆ జాబితాని వరుసలుగా విప్పండి. మైఎస్‌క్యూఎల్ 8లో రికర్సివ్ సీటీఈ (తనని తానే మళ్లీ మళ్లీ పిలుచుకునే తాత్కాలిక క్వెరీ) వాడాలి, కానీ డిఫాల్ట్ పరిమితి 1000 దగ్గర ఆగుతుంది, అంటే మూడేళ్ల రోజులు కూడా రావు. ఎస్‌క్యూఎల్ సర్వర్లో అయితే ఆ పరిమితి 100 మాత్రమే, మ్యాక్స్ రికర్షన్ ఆప్షన్ ఇచ్చి పెంచుకోవాలి. రోజూ నడిచే రిపోర్టుకి ఈ గోలంతా ఎందుకు, ఒక క్యాలెండర్ టేబుల్ కట్టి పెట్టేసుకోండి, అందులో సెలవా కాదా అని ఒక కాలమ్ పెడితే ఆదివారాలూ సంక్రాంతీ కూడా అక్కడే తేలిపోతాయి.

క్యాలెండర్ ఎడమవైపు, అమ్మకాలు కుడివైపు పెట్టి లెఫ్ట్ జాయిన్ చేయండి, ఎడమవైపు వరుసలన్నీ ఉంటాయి, కుడివైపు జత లేనిచోట నల్ వస్తుంది. అమ్మకాల టేబుల్ మీద కండిషన్ ఏదైనా ఉంటే, ఉదాహరణకి క్యాన్సిల్ అయిన బిల్లులు వద్దనుకుంటే, దాన్ని వరుసల్ని వడకట్టే వేర్‌లో కాకుండా, జాయిన్ షరతు రాసే ఆన్‌లో రాయాలి. వేర్‌లో రాస్తే నల్ వరుసలన్నీ ఎగిరిపోయి, ఇంత కష్టపడి చేసిన లెఫ్ట్ జాయిన్ కాస్తా రెండువైపులా జత ఉన్న వరుసలే మిగిల్చే ఇన్నర్ జాయిన్ అయి కూర్చుంటుంది. బిల్లులు లెక్కపెట్టేటప్పుడు కౌంట్ స్టార్ వద్దు, అది ఖాళీ రోజుకి కూడా 1 చూపిస్తుంది, బిల్లు నంబర్ కాలమ్‌ని కౌంట్ చేయండి. బ్రాంచీలు చాలా ఉంటే ముందు తేదీలనీ బ్రాంచీలనీ క్రాస్ జాయిన్ చేసి, అంటే ప్రతి తేదీకీ ప్రతి బ్రాంచినీ జతచేసి, ఆ తర్వాతే అమ్మకాలు కలపండి, లేకపోతే ఒక బ్రాంచికి బిల్లు పడితే చాలు ఆ తేదీ అందరికీ ఉన్నట్టే కనిపిస్తుంది.

విండో ఫంక్షన్లతో, అంటే చుట్టుపక్కల వరుసల్ని కూడా చూసి లెక్కకట్టేవాటితో, ఇంకాస్త జాగ్రత్త. ల్యాగ్ నిన్నటి విలువ ఇవ్వదు, ముందు వరుసలో ఉన్నది ఇస్తుంది, అది నాలుగు రోజుల కిందటిది కావచ్చు. రోస్ 6 ప్రిసీడింగ్ అన్నా ముందున్న ఆరూ ఈ వరుసా కలిపి ఏడు వరుసలే, ఏడు రోజులు కాదు. ఖాళీలు పూడ్చాకే ఇవి రాయండి.

స్టాకు, బ్యాంకు బ్యాలెన్సు లాంటివాటికి సున్నా పనికిరాదు, చివరగా తెలిసిన విలువనే ముందుకి లాక్కురావాలి. ఒరాకిల్, బిగ్‌క్వెరీ, స్నోఫ్లేక్‌లలో లాస్ట్ వాల్యూకి ఇగ్నోర్ నల్స్ తగిలిస్తే ఆ పని అయిపోతుంది.

తేదీ కాలమే నల్ అయితే సంగతి వేరు. డెలివరీ తేదీ లేని ఆర్డర్‌కి ఎన్ని రోజులు పట్టిందని అడిగితే జవాబు నల్, అది యావరేజ్‌లోంచి చప్పుడు లేకుండా జారిపోతుంది, దాంతో బాగా ఆలస్యమై ఇంకా చేరని ఆర్డర్లు పోయి సగటు అందంగా కనిపిస్తుంది. ఇంకా చేరనివాటికి ఇవాళ్టి తేదీ పెట్టి ఎన్నాళ్లుగా పెండింగ్‌లో ఉన్నాయో విడిగా చూపించండి. ఎస్‌క్యూఎల్ సర్వర్లో ఖాళీ స్ట్రింగ్‌ని తేదీగా మారిస్తే నల్ రాదు, 1900 జనవరి 1 వస్తుంది, డేటా లోడ్ చేసేటప్పుడే నల్ఇఫ్‌తో (చెప్పిన విలువ కనిపిస్తే దాన్ని నల్ చేసే ఫంక్షన్) దాన్ని పట్టుకోండి.

టైమ్ యూటీసీలో (మన టైమ్ కన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) దాచి ఉంటే, తెల్లవారి ఐదున్నరలోపు పడిన బిల్లు ముందు రోజు ఖాతాలోకి పోతుంది. అందుకే ఏ తేదీ అయినా లేదని తేల్చే ముందు టైమ్‌ని మన టైమ్‌జోన్‌కి మార్చి, అప్పుడు తేదీ తీయండి.