కుక్కపిల్లకు లివర్ జబ్బంటే: ఏ పరీక్ష ముందు, ఏ ఖర్చు తర్వాత

పిల్ల రెండు రోజులుగా ముద్ద ముట్టదు, వాంతులు, కళ్లు పచ్చబడ్డాయి. క్లినిక్‌కి తీసుకెళ్తే "లివర్" అని చెప్పి, పరీక్షల చీటీ రాసిచ్చి, అడ్వాన్సు కట్టమంటారు. చాలా ఇళ్లలో డబ్బు దారి తప్పేది ఇక్కడే. దాచుకున్నదంతా మొదటి రెండు రోజుల్లో అయిపోయి, ఆ తర్వాత నెలల తరబడి కావాల్సిన మందులకు ఏమీ మిగలదు. నిజానికి "లివర్" అన్నది జబ్బు పేరు కాదు. పుట్టుకతో వచ్చిన రక్తనాళం లోపం, ఎలుక మూత్రం నుంచి సోకే లెప్టో, టీకా పడని పిల్లలకు వచ్చే వైరస్ హెపటైటిస్, తిన్న విషం, ఇవన్నీ ఆ ఒక్క మాట కిందికే వస్తాయి. పిడుదుల జ్వరమైతే అసలు లివర్‌ది కాకుండానే లివర్ జబ్బులా కనిపిస్తుంది. కాబట్టి ఏ పరీక్షకైనా డబ్బు కట్టే ముందు డాక్టరుగారిని ఒక్కటే అడగండి: "రిపోర్టు ఎలా వచ్చినా మీరిచ్చే మందు మారుతుందా?" మారదంటే ఆ పరీక్ష రేపటికి ఆగొచ్చు.

ఇంట్లో ముందు చూడాల్సినవి

పగటి వెలుతురులో చూడండి, పసుపు బల్బు కింద అన్నీ పచ్చగానే ఉంటాయి. పై పెదవి ఎత్తి చిగుళ్లు, చెవి మడత లోపలి చర్మం, పొట్ట కింద వెంట్రుకలు లేని చోటు, కంటి తెల్లగుడ్డు చూడాలి. మూత్రం పోసిన చోట తెల్ల టిష్యూ అద్దితే రంగు తెలుస్తుంది. టీ డికాక్షన్ రంగులో ఉంటే ఆ టిష్యూ ఫొటో తీసి డాక్టరుకు చూపించండి.

పచ్చదనం ఏమీ లేకుండా కూడా పెద్ద జబ్బే ఉండొచ్చు. తోటి పిల్లలకంటే బాగా చిన్నగా ఉండిపోవడం, చొంగ కార్చడం, తిన్న గంట నుంచి మూడు గంటల్లోపు మత్తుగా తూలడం, గుండ్రంగా తిరగడం, తల తీసుకెళ్లి గోడకు ఆనించి అలాగే నిలబడిపోవడం. వీటన్నిటి వెనక తరచుగా ఉండేది షంట్. పేగుల నుంచి వచ్చే రక్తం లివర్ గుండా పోకుండా పక్క నాళం వెంట తప్పించుకుని నేరుగా ఒంట్లో కలుస్తుంది. అందులోని అమ్మోనియా మెదడుకు చేరుతుంది. మాంసం తిన్న రోజున ఎక్కువవడానికి కారణం అదే. తల ఆనించి నిలబడటాన్ని వీడియో తీసి పెట్టుకోండి. క్లినిక్ బల్ల మీద ఎక్కించగానే పిల్లలు భయంతో మామూలుగా ప్రవర్తిస్తాయి.

ఫిట్స్, నల్లటి తారులాంటి విరోచనం, చిగుళ్ల నుంచి రక్తం, నిలబడలేకపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లారేదాకా ఆగకూడదు. మూడు నెలల లోపు పిల్ల ఒక పూట పూర్తిగా తినకపోయినా షుగర్ పడిపోవచ్చు. బయల్దేరేటప్పుడు వేలికి తేనె గానీ చిక్కగా కలిపిన గ్లూకోజు గానీ రాసుకుని చిగుళ్ల మీద రుద్దండి. ఫిట్స్ నడుస్తుంటే మాత్రం నోట్లో వేలు పెట్టొద్దు, ఏమీ పోయొద్దు. పక్కకు పడుకోబెట్టి టైము చూసుకోండి. అయిదు నిమిషాలు దాటితే ప్రాణాపాయం.

కామెర్లన్న మాట వినగానే పసరు పోయించమనే పెద్దవాళ్లు మన ఇళ్లలో తప్పకుండా ఉంటారు. వద్దు. జ్వరానికి క్రోసిన్ వద్దు, నొప్పికి మెలాక్సికామ్, బ్రూఫెన్ వద్దు. క్రోసిన్‌లోని పారాసిటమాల్ అయితే దెబ్బతిన్న లివర్‌ను నేరుగా ఇంకా దెబ్బ తీస్తుంది. లివర్ టానిక్ తాగిస్తూ వారం గడపడం విషమేమీ కాదు గానీ, ఆ వారమే పిల్లకు దొరకని వారం.

మొదటి రోజు డబ్బు వేటికి

రక్తం మామూలు పరీక్ష, అంటే సీబీసీ, దాంతోపాటు గాజు పలక మీద స్మియర్. ముందు ఇవే. హైదరాబాదులో పిడుదులు ఏడాది పొడవునా ఉంటాయి. అవి కుట్టి బబీసియా అనే రక్తంలోని సూక్ష్మజీవి సోకితే ఎర్రకణాలు పగిలి ఒళ్లు పచ్చబడుతుంది. చిగుళ్లు పాలిపోయి, పైగా పచ్చగా ఉన్నాయంటే మొదటి అనుమానం దీని మీదే. స్మియర్‌లో ఆ సూక్ష్మజీవి కనిపిస్తే వైద్యం అటు మళ్లుతుంది, స్కానింగుల ఖర్చు మిగులుతుంది.

తర్వాత బయోకెమిస్ట్రీ, అంటే లివర్, కిడ్నీల సంగతి చెప్పే రక్త పరీక్ష. ఇందులో ఏ అంకె ఏం చెబుతుందో తెలియక జనం భయపడేదీ, ధైర్యపడేదీ రెండూ తప్పే అవుతాయి. ఏఎల్‌టీ పెరిగిందంటే లివర్ కణాలు దెబ్బతింటున్నాయని అర్థం. లివర్ ఎంత పని చేస్తోందో అది చెప్పదు. ఏఎల్‌పీ ఎదిగే పిల్లల్లో ఎముకల వల్ల మామూలుగానే కాస్త ఎక్కువుంటుంది, దాన్ని చూసి కంగారు పడొద్దు. పనితనం చెప్పేవి వేరే: ఆల్బుమిన్, యూరియా, గ్లూకోజు, కొలెస్ట్రాల్. ఈ నాలుగూ తక్కువగా ఉంటే లివర్ తయారు చేయాల్సినవి తయారు చేయడం లేదన్నమాట. షంట్ ఉన్న పిల్లలో ఏఎల్‌టీ కొంచెమే పెరిగి ఉండొచ్చు. "కొంచెమేగా" అనుకుని ఇంటికి తెచ్చేసుకునేవాళ్లు ఎక్కువ. పచ్చదనం తెచ్చే బిలిరుబిన్‌తో పాటు, కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ కూడా పెరిగితే లెప్టో సంగతి అడగండి, ముఖ్యంగా వానాకాలంలో.

షంట్ అనుమానం ఉంటే బైల్ యాసిడ్ పరీక్ష. పన్నెండు గంటలు ఖాళీ కడుపుతో ఉంచి ఒకసారి రక్తం తీస్తారు, తిండి పెట్టి సరిగ్గా రెండు గంటలకు మళ్లీ తీస్తారు. రెండో అంకె 25 మైక్రోమోల్స్ దాటి బాగా పైకి పోతే అనుమానం బలపడుతుంది. పిల్ల తిండి కక్కేస్తే ఆ పరీక్ష చెడినట్టే. మరీ చిన్న పిల్లను పన్నెండు గంటలు పస్తుంచితే షుగర్ పడిపోతుంది, ఎన్ని గంటలుంచాలో ముందే అడగండి. ఒళ్లు అప్పటికే పచ్చబడి ఉంటే ఈ పరీక్ష కొత్తగా చెప్పేదేమీ లేదు, ఆ డబ్బు మిగుల్చుకోండి. అమ్మోనియా పరీక్షకూ ఒక షరతుంది. రక్తాన్ని ఐసులో పెట్టి నిమిషాల్లో మిషన్‌లో పెట్టాలి. శాంపిలు బైకు మీద ఎల్బీ నగర్ నుంచి కూకట్‌పల్లి ల్యాబుకు పోతుందంటే, వచ్చే అంకె ట్రాఫిక్‌దే గానీ పిల్లది కాదు.

అల్ట్రాసౌండ్ చేసేవాళ్ల చేతిని బట్టి ఉంటుంది. కనిపించలేదంటే షంట్ లేదని కాదు. నాళం ఎక్కడుందో కచ్చితంగా చూపేది సీటీ యాంజియో, దానికి మత్తు కావాలి. ఆపరేషన్ చేయించే ఆలోచన, స్తోమత ఉంటేనే సీటీ. లేదంటే బైల్ యాసిడ్ రిపోర్టుతోనే మందులు మొదలుపెట్టొచ్చు. ఇంత ఖర్చును నిజాయితీగా వాయిదా వేయగల చోటు ఇదొక్కటే.

బిల్లు సంగతి

చేర్చుకునే ముందు మొదటి 48 గంటల అంచనా కాగితం మీద రాయించుకోండి. రోజు బెడ్ ఎంత, డ్రిప్ ఎంత, రాత్రి ఎవరుంటారు, ఏ మార్పు కనిపిస్తే మళ్లీ మాట్లాడుకుందాం అన్నవి అందులో ఉండాలి. "మా దగ్గర ఇంత ఉంది, ఇందులో దేనికి ముందు ఖర్చు పెడదాం?" అని మొదటి గంటలోనే చెప్పడంలో సిగ్గేమీ లేదు. మూడో రోజు చెబితే డాక్టరు చేతిలో దారులు మిగలవు. ఫిట్స్ లేకుండా, షుగర్ నిలకడగా ఉంటే క్యాన్యులా (నరానికి పెట్టిన డ్రిప్ గొట్టం) ఉంచుకుని పగలు డ్రిప్ పెట్టించి రాత్రి ఇంటికి తెచ్చుకునే వీలుందేమో అడగండి. ఫిట్స్ వస్తుంటే మాత్రం ఆ పొదుపు వద్దు.

నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఓపీ వేళలు, స్కానింగు ఆరోజు ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కుని పొద్దున్నే వెళ్లండి. అంతకుముందు ఎక్కడ చూపించినా రిపోర్టులన్నీ తేదీలవారీగా పట్టుకెళ్తే చేసిన పరీక్షలే మళ్లీ చేయించే బాధ తప్పుతుంది. ఇన్సూరెన్సు జబ్బు బయటపడ్డాక తీసుకుంటే ఆ జబ్బుకు పనికిరాదు. చందాలు అడిగేటప్పుడు ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద అంచనా పెట్టి, డబ్బు నేరుగా ఆసుపత్రి ఖాతాకే పోయేలా చూడండి. ఇచ్చేవాళ్లకు నమ్మకం కుదురుతుంది.

నెలల తరబడి వాడేవి చాలావరకు మనుషుల మందులే. చీటీలో మందు అసలు పేరు రాయించుకుంటే జన్ ఔషధి దుకాణంలో అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్, లాక్టులోజ్ వంటివి చవగ్గా దొరుకుతాయి.

ఇంట్లో మందులు

కింది మోతాదులు డాక్టరు చీటీని సరిచూసుకోవడానికి, సొంతంగా మొదలుపెట్టడానికి కాదు.

షంట్ పిల్లకు అన్నిటికంటే ముఖ్యమైంది లాక్టులోజ్ సిరప్. ఇది పేగులో అమ్మోనియాను పట్టి ఉంచి విరోచనంతో బయటికి పంపుతుంది. కిలోకు అర మి.లీ. చొప్పున, రోజుకు రెండు మూడుసార్లు ఇవ్వడం మామూలు. నాలుగు కిలోల పిల్లకు పూటకు 2 మి.లీ. సీసా మూతతో కొలవొద్దు, సూది తీసేసిన 5 మి.లీ. సిరంజి వాడండి. తల పైకి ఎత్తకుండా, పెదవి మూల దగ్గర చెంప సంచిలోకి కొద్దికొద్దిగా వదిలితే మింగుతుంది. గొంతులోకి చిమ్మితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బంకగా ఉంటుంది కాబట్టి తర్వాత మూతి తడిగుడ్డతో తుడవాలి, లేకపోతే చీమలు పడతాయి. మోతాదు సరిపోయిందో లేదో చెప్పేది విరోచనమే. రోజుకు రెండు మూడుసార్లు, మెత్తగా, ముద్ద కట్టేలా కావాలి. గట్టిగా ఉంటే చాలలేదు. నీళ్లలా పోతుంటే ఎక్కువైంది, ఒంట్లో నీరు తగ్గి జబ్బు మళ్లీ తిరగబెడుతుంది. డాక్టరుకు ఫోన్ చేసి తగ్గించుకోండి. గోడకు కాగితం అంటించి ప్రతిసారీ టిక్కు పెట్టుకుంటే, ఇంట్లో నలుగురు చూసుకున్నా లెక్క తప్పదు.

మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ లివర్ జబ్బులో మామూలుకంటే తక్కువ, కిలోకు 7.5 మి.గ్రా. రోజుకు రెండుసార్లు రాస్తారు. ఎక్కువైతే అదే తూలుడు తెస్తుంది, జబ్బు ముదిరిందని పొరబడతారు. అర్సోడియాక్సీకోలిక్ రోజు మొత్తానికి కిలోకు 10 నుంచి 15 మి.గ్రా., తిండితో. లివర్‌కు ఊతంగా ఇచ్చే సామీ (SAMe) మాత్రలు మాత్రం ఖాళీ కడుపుతో, విరగ్గొట్టకుండా ఇవ్వాలి. లెప్టో వంటివాటికి రాసే డాక్సీసైక్లిన్ వేశాక వెంటనే నీళ్లో, రెండు ముద్దలో పెట్టండి, లేకపోతే అన్నవాహికలో అంటుకుని పుండు చేస్తుంది. ఫిట్స్‌కు లెవెటిరాసెటామ్ ఎనిమిది గంటలకోసారి అంటే రాత్రి అలారం పెట్టుకోవాల్సిందే. ఏ సిరప్ కొన్నా లేబుల్ మీద జైలిటాల్ ఉందేమో చదవండి. మనుషులకు తీపినిచ్చే ఆ పదార్థం కుక్క షుగర్‌ను పడేసి లివర్‌నే కాల్చేస్తుంది.

తిండి

"కార్జం తింటే కార్జం బాగవుతుంది" అని కోడి కార్జం ఉడికించి పెట్టడం మన దగ్గర ఎక్కువ. ఇందులో రాగి ఎక్కువ, అమ్మోనియా చేసే మాంసకృత్తులూ ఎక్కువ, ఈ జబ్బులో అది పనికిరాదు. మేక మాంసం, కోడి స్కిన్, కాళ్లు కూడా ఆపండి. అలాగని ప్రొటీన్ మొత్తం మానేస్తే ఎదిగే పిల్ల కండ కరిగి, ఆ కండే అమ్మోనియా అవుతుంది. పనీర్, పెరుగు, గుడ్డు నుంచి వచ్చేది షంట్ పిల్లలు బాగా తట్టుకుంటాయి. ఆకలితో ఉంచడమే అన్నిటికంటే చెడ్డది.

నాలుగు నెలలు దాటిన నాలుగు కిలోల పిల్లకు రోజుకు సుమారు 400 కేలరీలు కావాలి. ఉప్పు లేని మెత్తటి అన్నం 200 గ్రాములు, ఇంట్లో విరగ్గొట్టిన పాల పనీర్ 30 గ్రాములు, ఉడికించిన గుడ్డు ఒకటి కలిపితే ఆ లెక్కకు వస్తుంది. అయిదు పూటలుగా, పూటకు 55 గ్రాముల లెక్కన, చివరిది పడుకునే ముందు. ఇందులో ఎదిగే పిల్లకు సరిపడా కాల్షియం లేదు, కాబట్టి ఇది కొద్ది రోజుల ఏర్పాటే. ఎక్కువ కాలానికైతే డాక్టరు చెప్పిన హెపాటిక్ (లివర్ జబ్బు కోసం తయారుచేసిన) ఆహారమో, కాల్షియం, విటమిన్లు లెక్కగట్టి రాసిచ్చిన వంటకమో కావాలి. రోజూ ఒకే వేళకు తూకం వేయండి. మీరు పిల్లను ఎత్తుకుని మిషనెక్కి, మీ బరువు తీసివేసే లెక్కలో వంద గ్రాములు తేడా వస్తుంది, వంటింటి తూకంలో తపేలా పెట్టి తూచడం మేలు.

బాగానే ఉన్న పిల్ల ఉన్నట్టుండి మళ్లీ తూలితే ముందు వెతకాల్సినవి: మలబద్ధకం, ఎవరో పెట్టిన బిర్యానీ ముక్క, కడుపులో కొంకిపురుగులు. ఆ పురుగులు పేగులో కార్పించే రక్తం కూడా పేగుకు మాంసం కిందే లెక్క. అందుకే డాక్టరు చెప్పిన తేదీకి డీవర్మింగ్ తప్పించొద్దు.

విషం అనుమానం ఉంటే, అపార్టుమెంటు ముందు అలంకారానికి పెట్టే సైకస్ మొక్క గింజలు, బూజు పట్టిన పల్లీలు, మక్కలు, వానాకాలంలో సంచి మూతి కట్టకుండా ఉంచిన లూజు ఫుడ్డు, ఇవి చూడండి. ఏది దొరికినా ఒక ముక్క కవర్లో వేసి డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లండి.

ఆపరేషన్, ఆపకపోవడం

షంట్‌కు ఆపరేషన్ అంటే చాలాసార్లు నాళాన్ని ఒక్కసారిగా కట్టేయడం కాదు. చుట్టూ రింగో, సెల్లోఫేన్ పట్టీయో పెట్టి వారాల మీద నెమ్మదిగా మూసుకుపోయేలా చేస్తారు. షీ ట్జు, పగ్ వంటి చిన్న జాతుల్లో నాళం సాధారణంగా లివర్ బయట ఉంటుంది, సర్జనుకు అందుతుంది. ల్యాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్లలో లోపల ఉండేది ఎక్కువ, పని కష్టం. మందులతో కొన్ని వారాలు నిలకడపరచకుండా బల్ల ఎక్కించొద్దు. సర్జను ఇలాంటివి ఎన్ని చేశారో సూటిగా అడగండి. ఆపరేషన్ తర్వాత మొదటి మూడు నాలుగు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ రోజుల ఆసుపత్రి ఖర్చు అంచనాలో కలిపారో లేదో చూసుకోండి. చేయించలేకపోయినా, మందులు, తిండితోనే కొన్నేళ్లు బతికే కుక్కలున్నాయి.

విషం వల్లనో, ఇన్ఫెక్షన్ వల్లనో లివర్ ఒక్కసారిగా కూలితే లెక్క వేరు. రక్తం గడ్డకట్టడం ఆగి, గ్లూకోజు ఎక్కించినా షుగర్ నిలవక, స్పృహ రాకపోతే ఇంకో రోజు ఐసీయూ వల్ల పిల్లకు ఏం ఒరుగుతుందో డాక్టరును అడగండి. నొప్పి లేకుండా పంపించడం అప్పుడు వైద్యంలో భాగమే.

లెప్టో, వైరస్ హెపటైటిస్‌లలో పిల్ల మూత్రమే ప్రమాదం. లెప్టో మనుషులకూ సోకుతుంది. గ్లౌజులు వేసుకుని తుడిచి, నీళ్లు కలిపిన బ్లీచ్ పది నిమిషాలు ఉంచి కడగండి. చిన్నపిల్లల్ని, గర్భిణుల్ని దూరం పెట్టండి. హెపటైటిస్ వైరస్ అయితే పిల్ల కోలుకున్నాక కూడా ఆరు నెలలు, ఒక్కోసారి అంతకుమించి, మూత్రంలో పోతూనే ఉంటుంది. ఇంట్లో ఇంకో కుక్క ఉంటే దాని టీకా కార్డు తీసి చూడండి. లెప్టో టీకా రెండు నుంచి నాలుగు వారాల తేడాతో రెండు డోసులు పడితేనే పని చేస్తుంది, కార్డుల మీద ఆ రెండో స్టిక్కరే ఎక్కువగా కనిపించదు.